నిద్రలో ఆగే ఊపిరి, లెక్కల్లో లేని జబ్బు

2023 జూన్ చివరి వారంలో అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ చెంపల మీద పట్టీలు నొక్కుకున్న గీతలు విలేఖరుల కంటబడ్డాయి. నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బుకు ఆయన సీప్యాప్ యంత్రం వాడుతున్నారని, ఆ జబ్బు సంగతి 2008 నుంచీ ఆయన వైద్య నివేదికల్లో ఉన్నదేనని అధ్యక్ష కార్యాలయం వివరణ ఇచ్చింది. ఆనాటి చర్చంతా ఆయన వయసు చుట్టూ, రెండో దఫా పోటీ చుట్టూ తిరిగింది. యంత్రం ఊసు రెండు వాక్యాలతో ముగిసింది. గత నలభై రోజులుగా అవే గీతలు ప్రతి ఉదయం నా ముఖం మీదా కనిపిస్తున్నాయి కనుక, ఈసారి యంత్రం గురించే రాస్తున్నాను. పొత్తులు, గవర్నర్లు, విప్‌ల కోసం ఇక్కడికి వచ్చే పాఠకులు కాస్త ఓపిక పట్టాలి. ఒంటి సంగతిగా మొదలైనా ఇది రాజకీయమే.

నేనుండేది రాయపూర్ ఉత్తర భాగాన, భన్‌పురిలో. బిలాస్‌పూర్ వెళ్లే రోడ్డుకు ఇరువైపులా కలప డిపోలు, రంపపు మిల్లులు, వాటి వెనుక చిన్నా పెద్దా కర్మాగారాలు. ఇంకొంచెం ముందుకు పోతే ఉర్లా, ఆపైన సిల్తరా స్పాంజ్ ఐరన్ కొలుములు. రావాభాఠా దగ్గర లారీల అడ్డా. ఇటు ఖమ్తరాయి వైపు రైల్వే వ్యాగన్ల మరమ్మతు కర్మాగారం, దాని కాలనీ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన అనేక తెలుగు కుటుంబాలకు ఈ పట్టణంలో నీడనిచ్చింది రైల్వే ఉద్యోగమే. మాదీ అలాంటి కుటుంబమే. ఢిల్లీ రాజకీయాలను ఇక్కడి నుంచి గమనించడంలో ఒక సౌలభ్యం ఉంది: పార్లమెంటులో ఆమోదం పొందిన చట్టం లారీ చక్రం దగ్గరికి వచ్చేసరికి ఎంత మిగిలిందో ఇంటి ముందే కనబడుతుంది.

ఇక్కడ రాత్రి రెండు గంటలకూ నిశ్శబ్దం ఉండదు. అంతటి రొదలో నా గురక ఎవరికీ విడ్డూరంగా తోచలేదు. మా ఇంట్లో అది వంశపారంపర్య ఆస్తి. తాతగారు గురక పెట్టేవారు, నాన్నగారూ పెట్టేవారు. నా భార్యను నిద్ర లేపింది గురక కాదు, అది ఉన్నట్టుండి ఆగిపోవడం. ఒక రాత్రి ఆమె ఫోనులో సెకన్లు లెక్కపెట్టింది. ముప్పై రెండు సెకన్లపాటు ఛాతీ ఎగసిపడుతోంది కాని గాలి ఆడలేదట. ఆ తర్వాత నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్క ఉదుటున ఊపిరి, మళ్లీ గురక. ఆ ముప్పై రెండు సెకన్ల జ్ఞాపకం నాకు లేదు. ఈ జబ్బులో రోగికి తన రోగం కనబడదు, పక్కన పడుకున్నవారికే కనబడుతుంది. ఒంటరిగా బతికేవారికి, లారీ క్యాబిన్‌లో పడుకునేవారికి ఆ సాక్షి కూడా ఉండదు.

నాకు తెలిసినవి పగటి సంగతులు. ఎనిమిది గంటలు పడుకున్నా ఉదయం తలనొప్పి, రాత్రి మూడుసార్లు మూత్రానికి లేవడం, రెండు రకాల మాత్రలు వేసుకున్నా దిగని రక్తపోటు. విలేఖరుల గ్యాలరీలో బడ్జెట్ ప్రసంగం వింటూ కునుకు తీయడాన్ని మా వృత్తిలో ఎవరూ రోగలక్షణంగా పరిగణించరు. (సభలో కునుకు తీసే నాయకుల ఫొటోలు వేసి నవ్వుకోవడం మాకు అలవాటు. దేవెగౌడ ప్రధానిగా ఉన్న పది నెలల్లో అలాంటి ఫొటోలు ఎన్ని అచ్చయ్యాయో! ఎవరికి ఏ జబ్బుందో ఫొటో చూసి చెప్పలేం కాని, ఇప్పుడు అలాంటి ఫొటో చూస్తే నవ్వు రావడం లేదు.)

జరిగేది ఇదీ. నిద్రలో ఒంటి కండరాలతో పాటు గొంతు కండరాలూ సడలుతాయి. నాలుక వెనుక భాగం, కొండనాలుక, మెత్తని అంగిలి వెనక్కి జారి గాలిదారిని మూస్తాయి. రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి ఒక క్షణం మెలకువ తెస్తుంది, కండరాలు బిగుస్తాయి, దారి తెరుచుకుంటుంది. ఆ మెలకువ మనకు గుర్తుండదు కాని గుండెకు గుర్తుంటుంది. ప్రతిసారీ రక్తపోటు ఎగిసి దిగుతుంది. గంటకు ఇలాంటి ఆటంకాలు అయిదు దాటితే జబ్బు, పదిహేను దాటితే మధ్యస్థం, ముప్పై దాటితే తీవ్రం. నాకు ఇంట్లోనే ఒక రాత్రి చేసిన పరీక్షలో వచ్చిన అంకె నలభై ఒకటి. ప్రాణవాయువు ఒక దశలో 76 శాతానికి దిగింది. కోవిడ్ రెండో విడతలో వేలికి ఆక్సీమీటర్ తగిలించుకుని 94 కంటే దిగితే ఆస్పత్రికి పరుగెత్తిన దేశం మనది. ఆ లెక్కన నేను ప్రతి రాత్రీ పరుగెత్తవలసినవాణ్ణి.

ఇది కొత్త జబ్బు కాదు. చార్లెస్ డికెన్స్ 1836-37లో రాసిన ‘పిక్‌విక్ పేపర్స్’లో కూర్చున్న చోటే నిద్రపోయి గురకపెట్టే లావుపాటి కుర్రవాడు ఒకడున్నాడు, 1956లో వైద్యులు స్థూలకాయంతో ముడిపడిన ఇలాంటి శ్వాస రుగ్మత ఒకదానికి ఆ నవల పేరే పెట్టారు. మనకైతే కుంభకర్ణుడున్నాడు. డప్పులు కొట్టి, ఏనుగులతో తొక్కించి లేపవలసి వచ్చినవాణ్ణి బద్ధకానికి గుర్తుగా చెప్పుకుంటాం. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్న సామెతలో నిద్ర దానంతట అదే వచ్చే వరం. వచ్చిన నిద్ర లోపల ఏమవుతోందన్న ఆలోచన ఆ సామెతలో లేదు, మన వైద్యంలోనూ చాలాకాలం లేదు.

చికిత్స చరిత్ర మరీ చిన్నది. గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టడమే 1970లలో తీవ్రమైన రోగులకు ఉన్న దారి. సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే వైద్యుడు ముక్కు ద్వారా నిరంతరంగా గాలి ఒత్తిడి పంపి గాలిదారిని తెరిచి ఉంచవచ్చని చూపి, 1981లో ‘లాన్సెట్’లో ప్రచురించాడు. తొలి యంత్రాలకు వాక్యూమ్ క్లీనర్ల మోటార్లు వాడారు. గొంతు కోయకుండా గాలితోనే తలుపు తెరిచి పట్టుకోవడం ఎంత సరళమైన ఆలోచనో! నలభై ఏళ్ల తర్వాతా ఇదే ప్రధాన చికిత్స. మన దేశంలో ఈ జబ్బు పేరు ఇంటింటా వినబడింది 2022 ఫిబ్రవరిలో, ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ చిత్రాల సంగీత దర్శకుడు బప్పీ లహిరి మరణించినప్పుడు. ఆస్పత్రి చెప్పిన కారణాల్లో ఇదీ ఉంది. వారం గడిచాక ఎవరూ మాట్లాడలేదు.

నివేదిక చేతికొచ్చాక నేను వృత్తిరీత్యా అలవాటైన పనే చేశాను: అందరి వాదనా విన్నాను. చెవి, ముక్కు, గొంతు శస్త్రవైద్యుడు అంగిలి, కొండనాలుక కొంత కత్తిరించవచ్చన్నాడు. ఎంతమందికి ఎంతకాలం పనిచేస్తుందని అడిగితే, మనిషిని బట్టి ఉంటుందన్నాడు. పెద్ద టాన్సిల్స్ ఉన్నవారికి శస్త్రచికిత్స మేలు చేస్తుంది, నావి అలాంటివి కావు. దంతవైద్యుడు కింది దవడను ముందుకు లాగి ఉంచే పళ్లచట్రం చూపించాడు. తేలికపాటి, మధ్యస్థ జబ్బుకు అది మంచి దారి, యంత్రం భరించలేని తీవ్ర రోగులకు రెండో దారి. నాలుక నరానికి విద్యుత్ ప్రేరణ ఇచ్చే పరికరాన్ని ఛాతీలో అమర్చే పద్ధతికి అమెరికా 2014లో అనుమతిచ్చింది. ఆ ఖర్చు మాట నేను అడగనే లేదు. బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌కు స్థూలకాయంతో పాటు ఈ జబ్బున్నవారి కోసం 2024 డిసెంబర్‌లో అక్కడే అనుమతి వచ్చింది. ఆటంకాలు గంటకు పాతిక, ముప్పై మేర తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. 2025 మార్చిలో మన దేశంలో విడుదలైనప్పుడు వారానికొక సీసా ధర తొలి మోతాదుకు 3,500, తర్వాతి మోతాదుకు 4,375 రూపాయలు. అంటే నెలకు పద్నాలుగు వేల నుంచి పదిహేడున్నర వేలు. మానేస్తే బరువు తిరిగి వచ్చే అవకాశమే ఎక్కువ. భన్‌పురిలో నెలంతా పనిచేసి అంత సంపాదించనివారు మా వీధిలోనే ఎందరో.

మిగిలింది సీప్యాప్. ఒత్తిడిని తనంతట తానే సర్దుకునే యంత్రానికి, మాస్కుకు కలిపి నాకు చెప్పిన ధర యాభై వేలకు పైచిలుకు. ఒక దుకాణదారుడు పద్దెనిమిది వేలకు పాత యంత్రం ఇస్తానన్నాడు, ‘ఒక పెద్దాయన ఆరు నెలలే వాడారు’ అని కూడా చెప్పాడు. తయారీ తేదీ చూడనిమ్మన్నాను. ఎందుకంటే 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ ప్రపంచవ్యాప్తంగా లక్షలాది శ్వాసయంత్రాలను వెనక్కి పిలిచింది; శబ్దం తగ్గించడానికి లోపల పెట్టిన నురుగు పొర శిథిలమై, ఆ రేణువులు రోగి ఊపిరిలోకి పోయే ప్రమాదం ఉందన్నది కారణం. పెట్టె అడుగున అంటించిన చీటీ గోకేసి ఉంది. ఏ సంస్థదో, ఏ ఏటిదో తేలలేదు. నేను లేచి వచ్చేశాను. రాత్రంతా ముక్కులోకి గాలి పంపే వస్తువును జాతకం లేకుండా కొనలేం కదా. కాని పద్దెనిమిది వేలు కూడా భారమైనవాడు అక్కడ లేచి రాగలడా అన్నది వేరే ప్రశ్న.

చివరికి నెల అద్దెకు తీసుకున్నాను. మొదటి వారం నరకం. మాస్కు సందుల్లోంచి గాలి కారి కళ్లు పొడిబారేవి. నిద్రలో తెలియకుండానే పీకి పారేసేవాణ్ణి. యంత్రం ప్రతి ఉదయం లెక్క చెబుతుంది: మూడు గంటల పది నిమిషాలు, రెండు గంటల నలభై. మాస్కు పరిమాణం మార్చాక, తేమగది పెట్టాక అయిదు గంటలు దాటింది. పెట్టుకున్న గంటల్లో ఆటంకాలు నలభై ఒకటి నుంచి నాలుగుకు దిగాయి. తలనొప్పి పోయింది. మూత్రానికి లేవడం దాదాపు ఆగింది. పదకొండో రోజు ఉదయం పత్రిక సంపాదకీయం చివరిదాకా చదివి, మళ్లీ మొదటికి వెళ్లనవసరం లేకుండా అర్థమైనప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం చెప్పలేను.

అయినా యంత్రానికి స్తోత్రపాఠం రాయబోను. 2016లో ప్రచురితమైన ‘సేవ్’ అనే అంతర్జాతీయ అధ్యయనం, అప్పటికే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బున్న 2,717 మందిని పరిశీలించి, సీప్యాప్ వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గినట్టు తేలలేదని చెప్పింది. వారు యంత్రం వాడింది రాత్రికి సగటున 3.3 గంటలే అన్న వివరణ ఉంది, దాని మీద వాదం ఇంకా నడుస్తోంది. ఈ కాగితం వైద్యురాలి ముందు పెట్టాను. ఆమె నవ్వి, ‘గుండెపోటు రాదని హామీ ఇవ్వను. స్కూటరు మీద నిద్రపోరని మాత్రం ఇస్తాను’ అంది. రాజకీయ నాయకుల నుంచి నేనింత కొలతగల వాగ్దానం ఎన్నడూ వినలేదు. అందుకే కొన్నాను, పన్నెండు వాయిదాలలో.

ఇక రాజ్యం సంగతి. మన దేశంలో పనిచేసే వయసువారిలో పదకొండు శాతానికి, అంటే దాదాపు 10.4 కోట్ల మందికి ఈ జబ్బున్నట్టు, వారిలో 4.7 కోట్ల మందికి మధ్యస్థ లేదా తీవ్ర స్థాయిలో ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో అంచనా కట్టారు. ఇంత మందికున్న జబ్బు ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ నాకు కనబడలేదు. ఆయుష్మాన్ భారత్ కార్డు అయిదు లక్షల వరకు ఆదుకుంటుంది, కాని ఆస్పత్రిలో మంచం ఎక్కినప్పుడే. ఛత్తీస్‌గఢ్‌లో 2020లో ఖూబ్‌చంద్ బఘేల్ పేరుతో వచ్చిన పథకానికి ప్రభుత్వం మారాక వీర్ నారాయణ్ సింగ్ పేరు పెట్టారు. పేరు మారింది కాని చూపు ఆస్పత్రి మంచం మీదే ఉంది. ఇంట్లో పడుకుని వాడే యంత్రం ఆ చట్రంలో ఇమడదు. పక్షవాతం వచ్చి పడిపోతే లక్షలు ఇచ్చే వ్యవస్థ, రక్తపోటు దించే పెట్టెకు యాభై వేలు ఇవ్వదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రం వారి ఆరోగ్య పథకంలో ముందస్తు అనుమతితో యంత్రం ఖర్చు తిరిగి వచ్చే ఏర్పాటుంది. అంటే ఇది చికిత్సేనని, అవసరమేనని ప్రభుత్వానికి తెలుసు. తనవారి విషయంలో తెలుసు.

కరెంటు సంగతీ చెప్పాలి. తేమగదితో కలిపి యంత్రం రాత్రికి అర యూనిట్ అటూ ఇటూగా తాగుతుంది. 2019లో ఇక్కడి ప్రభుత్వం 400 యూనిట్ల వరకు సగం బిల్లు పథకం తెచ్చింది, 2025లో తర్వాతి ప్రభుత్వం ఆ హద్దును బాగా కుదించింది. ఆ చర్చలో ఏసీల గురించి, ఫ్రిజ్‌ల గురించి విన్నాను. కరెంటుతో ఊపిరి తీసేవారి మాట ఎవరూ ఎత్తలేదు.

మా వీధిలో టెక్కలి ప్రాంతం నుంచి ముప్పై ఏళ్ల కిందట వచ్చిన లారీ డ్రైవరున్నాడు. వయసు యాభై దాటింది, మెడ పొట్టి, గురక వీధి చివరికి వినబడుతుంది. రాయపూర్-విశాఖ ఇనుము లోడు ఆయన దారి. నా యంత్రం చూడటానికి ఒక సాయంత్రం వచ్చాడు. మాస్కు చేతిలో తిప్పి చూస్తూ, ‘కేశ్కాల్ ఘాట్ దిగేటప్పుడు ఒక్కోపాలి కళ్లు తెరిసే ఉంటాయి బాబూ, మనిషి ఉండడు’ అన్నాడు. పరీక్ష చేయించుకొమ్మన్నాను. ఖర్చు నేను పెడతానన్నాను. ‘డబ్బులు కాదు బాబూ. కాయితం మీద రోగమని రాసేస్తే ఓనరు తాళాలు తీసేసుకుంటాడు. ఈ వయసులో నాకింకేటి పనొచ్చు?’

ఆయన భయం నిరాధారం కాదు. రవాణా లైసెన్సుకు కావలసిన వైద్య ధ్రువపత్రంలో చూపు, వినికిడి, అవయవాల గురించి అడుగుతారు. నిద్ర గురించి అడగరు. రోడ్డు ప్రమాదాల వార్షిక నివేదికలో 2022లో మరణించినవారు 1,68,491 మంది. కారణాల పట్టికలో అతివేగం ఉంది, మద్యం ఉంది, సెల్‌ఫోన్ ఉంది. నిద్రకు ప్రత్యేక గడి లేదు. నిద్రలో గుద్దినవాడు కూడా కాగితం మీద అతివేగంగానే గుద్దుతాడు. కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2021లో లారీ డ్రైవర్లకు విమాన పైలట్లలా పనిగంటలు ఉండాలని, నిద్రను పసిగట్టే పరికరాలు అమర్చాలని అన్నారు. 2025లో కొత్తగా తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరైంది, మంచిదే. పనిగంటల మాటకొస్తే, రోజుకు ఎనిమిది గంటలన్నది 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే ఉండేది. అది అయిదుగురు, ఆపైన కార్మికులున్న సంస్థలకు. ఒకటి రెండు లారీలున్న ఓనరుకు అది వర్తించేది కాదు, మన రోడ్ల మీద ఎక్కువమంది ఓనర్లు అలాంటివారే.

ఇతరులు ఏం చేశారో చూడండి. 2013 డిసెంబర్ 1న న్యూయార్క్ బ్రాంక్స్‌లో గంటకు 48 కిలోమీటర్ల మలుపులో రైలు 132 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయి నలుగురు మరణించారు; డ్రైవరుకు అప్పటిదాకా ఎవరూ గుర్తించని తీవ్రమైన ఇదే జబ్బుందని దర్యాప్తులో తేలింది. 2016లో లారీ, రైలు డ్రైవర్లకు నిద్ర పరీక్షల ప్రతిపాదన వచ్చింది. 2017 ఆగస్టులో ట్రంప్ ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. ఐరోపా సమాజం 2014లోనే ఈ జబ్బును లైసెన్సు నిబంధనల్లో చేర్చింది, కాని ఆ నిబంధనలో రెండో సగం ఉంది: చికిత్స తీసుకుంటూ జబ్బు అదుపులో ఉందని వైద్యుడు చెబితే లైసెన్సు ఉంటుంది, లారీ డ్రైవర్లకు ఏటా సమీక్ష. ఈ రెండో సగమే అసలు సంగతి అని నా అభిప్రాయం. ఉద్యోగ రక్షణ లేకుండా ధ్రువపత్రంలో ఒక ప్రశ్న చేర్చితే మా వీధి డ్రైవరు ‘లేదు’ అని రాసి వేలిముద్ర వేస్తాడు. చికిత్సకు మూడు వారాల సెలవు, ఆ మూడు వారాల కూలి, తిరిగి అదే బండి: ఈ మూడూ ముందు రాసి, ప్రశ్న తర్వాత అడగాలి.

అవకాశం ఇప్పుడు ఉంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ల గురించి ప్రభుత్వం గొప్పగా చెప్పుకున్న అంశాల్లో నలభై ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష ఒకటి. కార్మిక సంఘాలకు ఆ కోడ్ల మీద ఉన్న అభ్యంతరాల్లో చాలావాటితో నేను ఏకీభవిస్తాను, ఆ సంగతి వేరే. ఈ ఒక్క అంశంలో మాత్రం పోట్లాడవలసింది లోపల ఏం ఉంటుందన్న దాని గురించి. టొరంటోలో 2008లో తయారైన ‘స్టాప్-బ్యాంగ్’ ప్రశ్నావళిలో ఉన్నవి ఎనిమిది ప్రశ్నలు: గురక, అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, రక్తపోటు, బరువు, వయసు, మెడ చుట్టుకొలత, ఆడా మగా. కావలసిన పరికరాలు బరువు తూచే యంత్రం, దర్జీ టేపు. 2012లో రామ్‌లీలా మైదానం కేసులో నిద్రను జీవించే హక్కులో భాగంగా గుర్తించిన సుప్రీంకోర్టు ఉన్న దేశంలో ఇది అతి చిన్న కోరిక. అక్కడ నిద్రను భంగపరిచింది పోలీసు లాఠీ. లాఠీ లేకపోతే ఆ హక్కు ఎవరికీ గుర్తురాదు.

మొన్న ఆదివారం ఆ డ్రైవరు మళ్లీ వచ్చాడు. మా ఆవిడ కుట్టుమిషను డబ్బాలోంచి టేపు తీసి ఇచ్చింది. మెడ నలభై నాలుగు సెంటీమీటర్లు. ఎనిమిదింటిలో ఆరు ప్రశ్నలకు ‘అవును’ వచ్చింది. ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా అన్నదానికి, ‘క్లీనరు కుర్రాడు సూసుంటాడు, ఆడికి బయ్యం’ అన్నాడు. సిల్తరాలో లోడు ఎక్కుతోందట, గాజువాకలో దించి గురువారానికి వస్తాడు. శుక్రవారం రాత్రికి ఇంటి పరీక్ష పరికరం ఆయన పేరు లేకుండా, నా పేరు మీద తెప్పించమన్నాడు. తెప్పిస్తున్నాను.